కనిపెట్టినవాని హక్కు – ఆవిరియంత్రము చెప్పు కథ



మన పల్లెలలో తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. ‘ఆ మందు ఆయనతోనే పోయినది’ అని మనవారు చెప్పుకొనుచుందురు. ఒకానొక వైద్యునకు మంచి మూలిక తెలిసియుండును. దానితో ఆతడు పదియూళ్లవారికి గుణము చేయుచుండును. కాని ఆ మూలిక పేరు మాత్రము ఎవ్వరికిని చెప్పడు. చెప్పినచో తన జీవనము పోవునని భయము. కొడుకు పెద్దవాడైన పిమ్మట చెప్పవచ్చునని కాలము గడపుచుండగనే పైనుండి పిలుపు వచ్చును. మనిషితోపాటు విద్యయు కాటికి పోవును. ఆ వైద్యుని నిందించి లాభము లేదు. ఏండ్లతరబడి అడవులు తిరిగి తెలిసికొన్న దానిని ఒక దినమున నలుగురకు చెప్పివేసినచో ఆ నలుగురును దానితో బ్రదుకుదురు. ఆతనికి మిగులున దేమి?

ఈ చిక్కు మన దేశమునకే పట్టినది కాదు. ఏ దేశమునం దైనను క్రొత్త విషయమును కనిపెట్టినవాని యెదుట రెండు త్రోవలు గలవు. దాచుకొనుట యొకటి, వెల్లడించి నష్టపోవుట యొకటి. ఈ రెంటికి నడుమ చట్టము మూడవ త్రోవ నొకదానిని కల్పించినది. దానినే పేటెంటు హక్కు అందురు. ప్రభుత్వము కనిపెట్టినవానితో ఒక ఒడంబడిక చేసికొనును. ‘నీ రహస్యమును, పని తెలిసినవాడు చదివి చేయగలుగునంత స్పష్టముగా వ్రాసి యిమ్ము. ఇన్ని సంవత్సరములవఱకు నీ యనుమతి లేక దానిని మఱి యెవ్వరును చేయకుండ, అమ్మకుండ మేము కాపాడెదము. గడువు తీరిన పిమ్మట అది అందఱి సొత్తు.’ ఇదియే ఆ ఒడంబడిక సారము.

ఇది పైరుచుట్టు వేయు కంచెవంటిది. కంచె లేనిదే చేను నిలువదు. కాని ఆ కంచెను ఊరిబాట కడ్డముగా వేసినచో వెనుక వచ్చువారు తమ పొలములకు పోజాలరు. క్రొత్త విద్యలలో ఒకని చేను దాటియే మఱొకడు తన చేనికి పోవలెను. ఏలయన, ఏ విద్యయైనను ముందువాడు నిలిపినచోటినుండియే వెనుకవాడు ఆరంభించును. కావున కంచె యెంత దూరము వేయవలెను, ఎంతకాల ముంచవలెను అనునదియే అసలు ప్రశ్న. దీనిని వాదముతో గాక, నిజముగా జరిగిన యొక చరిత్రతో మీకు విన్నవించెదను. అది ఆవిరియంత్రము కథ.

కథకు ముందు చట్టము పుట్టుకను గూర్చి రెండు మాటలు. ఇట్టి హక్కును శాసనరూపమున నిచ్చినవారిలో ఇటలీ దేశమందలి వెనీసు నగరమువారు తొలివారు. క్రొత్త పనిముట్టును కల్పించినవానికి పది సంవత్సరముల హక్కు నిచ్చుచు వారు 1474వ సంవత్సరమున శాసనము చేసిరి. ఇంగ్లండులో సంగతి వేఱుగా నుండెను. అచ్చటి రాజులు పేటెంటు అను పేరుతో తమ కిష్టులైనవారికి, ధన మిచ్చినవారికి, వారు కనిపెట్టిన దేమియు లేకున్నను, గుత్తాధికారములు పంచిపెట్టుచుండిరి. ఎలిజబెత్తు రాణి కాలమున ఉప్పునుగూడ గుత్త కిచ్చిరి, ఆటచీట్లనుగూడ నిచ్చిరి. ఉప్పుమీద గుత్త యనగా నేమో మనకు వేఱుగా చెప్ప నక్కఱలేదు. అది ప్రభుత్వము చేతనే యున్నను సహింపలేక గదా 1930వ సంవత్సరమున గాంధీమహాత్ముడు దండికి నడచినది! ఇంగ్లండు ప్రజలును 1601వ సంవత్సరమున పార్లమెంటులో ఈ గుత్తలపై గట్టిగా గొంతెత్తిరి. కడకు 1624వ సంవత్సరమున నొక చట్టము వచ్చెను. అది గుత్తలను సాధారణముగా నిషేధించి, క్రొత్తదానిని నిజముగా మొట్టమొదట కల్పించినవానికి మాత్రము పదునాలుగు సంవత్సరముల హక్కును మిగిల్చెను. ఆ కాలమున ఒక శిష్యుడు గురువునొద్ద పని నేర్చుట కేడేండ్లు పట్టుచుండెను. పదునాలుగేండ్లనగా ఇద్దఱు శిష్యులు ఒకరి వెనుక నొకరు పని నేర్చుకొని బయటికి వచ్చు కాలము.

ఇక గనుల సంగతి. నీటిని పైకి తోడుట యెంత శ్రమయో మెట్టసేద్యము చేసినవారికి చెప్పవలసిన పనిలేదు. నేనును చిన్నతనమున మోటకాడ ఎద్దులవెంట నడచినవాడనే. ఆఱు నిలువుల బావికే ఎద్దులు నురుగులు గ్రక్కుచుండెను. ఇంగ్లండునకు నైరృతిమూల కార్న్‌వాల్ అను సీమ కలదు. అచ్చట తగరము, రాగి త్రవ్వు గనులు వందల యడుగుల లోతునకు దిగెను. దిగినకొలది నీరూఱును. నీరు తోడకున్న గని మునుగును. గని మునిగినచో దానిని నమ్ముకొన్న కూలీలకు కూడు లేదు.

నిప్పుతో నీటిని తోడవచ్చునని థామస్ సేవరీ యను నతడు 1698వ సంవత్సరమున నొక పరికరమునకు పేటెంటు పొందెను. పార్లమెంటు దానిని 1733 వఱకు పొడిగించెను. ఆ పరికరము లోతుగనులకు పనికిరాలేదు. కాని ఆ హక్కుపత్రపు వ్రాత మిక్కిలి వెడల్పుగా నుండుటచేత, 1712వ సంవత్సరమున థామస్ న్యూకమెన్ అను ఇనుపసామానుల వర్తకుడు నిజముగా పనిచేయు వేఱొక యంత్రమును నిర్మించినను, సేవరీ హక్కు నీడనే దానిని నడపుకొనవలసి వచ్చెను. మన కథలో బాట కడ్డమైన మొదటి కంచె యిది.

న్యూకమెన్ యంత్రమును తెలిసికొనుటకు మన యేతామును తలచుకొనుడు. స్తంభముమీద నొక పెద్ద దూలము ఊగుచుండును. దాని యొక కొనకు గనిలోని పంపుకడ్డీలు వ్రేలాడును. రెండవ కొనకు పిస్టను అను దిమ్మ తగిలింపబడియుండును. ఆ దిమ్మ సిలిండరు అను నిలువుపాటి లోహపు గొట్టములో పైకి క్రిందికి ఆడును. దిమ్మ క్రింద ఆవిరి నింపి, ఆ యావిరిపై చన్నీళ్లు చిమ్మినచో, ఆవిరి నీరుగా మాఱి లోపల శూన్యమేర్పడును. అప్పుడు పైనున్న గాలి బరువు దిమ్మను క్రిందికి నొక్కును. దూలము రెండవ కొన పైకి లేచి నీటిని తోడును. ఉపాయము గొప్పదే. కాని ప్రతి విసురునకును సిలిండరును కాచి, చల్లార్చి, మరల కాచవలెను. ఒక్కొక్క చెంబు వేడినీటికి బాననంతయు క్రొత్తగా కాచినట్లు రాక్షసిబొగ్గు వ్యర్థముగా తగులబడుచుండెను. బొగ్గుగనులయొద్ద బొగ్గు చౌక గనుక అచ్చట సాగిపోయెను. కార్న్‌వాల్ సీమలో బొగ్గు లేదు. అది వేల్సు దేశమునుండి ఓడలమీద రావలెను. గనులకు వచ్చిన రాబడి బొగ్గు పొగలో కలియుచుండెను.

గ్లాస్గో విశ్వవిద్యాలయమున శాస్త్రపరికరములు బాగుచేయు జేమ్సు వాట్ అను యువకుడు 1763–64 చలికాలమున ఆ యంత్రపు నమూనా నొకదానిని బాగుచేయుటకు చేత బట్టెను. బొగ్గంతయు ఎక్కడ పోవుచున్నదో ఆతడు కొలతలు వేసి చూచెను. 1765వ సంవత్సరమున నొక ఆదివారము గ్లాస్గో పచ్చికబయలులో నడచుచుండగా ఆతనికి ఉపాయము తోచెను. ఆవిరిని సిలిండరులోనే ఏల చల్లార్పవలెను? ప్రక్కన వేఱొక పాత్రను పెట్టి, ఆవిరిని దానిలోనికి లాగి చల్లార్చినచో, సిలిండరు ఎల్లప్పుడు వేడిగనే యుండును. ఆ పాత్ర ఎల్లప్పుడు చల్లగనే యుండును. విన్న పిమ్మట ఇంతేకదా యనిపించును. కాని న్యూకమెన్ యంత్రము పుట్టిన ఏబదియేండ్లలో మఱి యెవ్వరికిని తోచలేదు.

తోచుట వేఱు, చేయుట వేఱు. ఆ ఆలోచన అంగడికి వచ్చునప్పటికి పదునొకం డేండ్లు పట్టెను. వాట్ అప్పులపాలయ్యెను. రోబక్ అను వ్యాపారి ఆ యప్పులు తీర్చి, మూడింట రెండు పాళ్లు తన వాటాగా పుచ్చుకొనెను. 1769వ సంవత్సరమున పేటెంటు లభించెను. 1773లో రోబక్ దివాలా తీసెను. ఈ నడుమ వాట్ పొట్టకొఱకు కాలువల సర్వే చేయుచు తిరుగుచుండెను. పిమ్మట బర్మింగుహాము నగరపు కర్మాగారాధిపతి మాథ్యూ బౌల్టన్ రోబక్ వాటాను తీసికొనెను. కాని పదునాలుగేండ్లలో ఆఱేండ్లు ఇదివఱకే గడచిపోయెను. ఒక్క యంత్రమైనను అమ్ముడుపోలేదు. మిగిలిన కాలమునకు బౌల్టన్ ధనము పెట్ట నిష్టపడలేదు. కావున వారు పార్లమెంటు నాశ్రయించిరి. పార్లమెంటు 1775వ సంవత్సరమున ప్రత్యేకచట్టము చేసి ఆ హక్కును 1800 వఱకు పొడిగించెను. మఱుసటి సంవత్సరమే, అనగా 1776లో, తొలి యంత్రములు పనిలోనికి వచ్చెను. జాన్ విల్కిన్‌సన్ అను ఇనుపపనివాడు ఫిరంగులను తొలుచు నేర్పుతో సిలిండరులను నునుపుగా తొలిచి యియ్యకున్న అవియును వచ్చెడివి కావు.

ఇంతవఱకు చూచిన, హక్కు లేనిదే బౌల్టన్ ధనము లేదు. బౌల్టన్ ధనము లేనిదే వాట్ యంత్రము గ్లాస్గోలో నమూనాగనే యుండిపోయెడిది అనక తప్పదు. కంచె చేనిని కాచినది.

వాట్, బౌల్టన్‌లు యంత్రమున కింత యని వెల కట్టలేదు. పాత న్యూకమెన్ యంత్రముతో పోల్చి, క్రొత్తదానివలన ఎంత బొగ్గు మిగులునో లెక్కకట్టి, ఆ మిగులులో మూడవ వంతు తమకు చెల్లింపవలె ననిరి. 1777 మొదలు కార్న్‌వాల్ గనులవారు ఒకరి వెనుక నొకరు ఈ షరతున కొప్పుకొనిరి. మొదట సంతోషముగనే యిచ్చిరి. రాగి ధర పడిపోయినప్పుడు ఆ మూడవ వంతే వారికి భారమయ్యెను. మూడు పాళ్లలో రెండు పాళ్లు తమకు మిగులుచున్నవని తెలిసినను, ఏటేట నిచ్చు వానికి చేదుగనే యుండును. కౌలు చెల్లించినవారికి ఇది తెలియని విషయము కాదు.

ఇప్పుడు కథ రెండవ ప్రక్కను చూతము. పంపు నాడించు యంత్రముచేత చక్రమును త్రిప్పించినచో మిల్లులు నడపవచ్చును. దానికి సులభమైన సాధనము క్రాంకు. కాలితో త్రొక్కి చక్రమును త్రిప్పుకొను పనివా రెల్లరకు అది తరతరములనుండి తెలిసిన వంకర కడ్డీయే. కాని 1780వ సంవత్సరమున జేమ్సు పికార్డ్ అను నతడు ఆవిరియంత్రమునకు క్రాంకును తగిలించుటకు పేటెంటు సంపాదించెను. వాట్ అంతటివాడు పరుని కంచెయెదుట నిలిచిపోయెను. దానికి లొంగి ధన మియ్య నిష్టపడక, 1781లో సూర్యునిచుట్టు గ్రహము తిరిగినట్లు ఒక పండ్లచక్రముచుట్టు మఱొక పండ్లచక్రము తిరుగు చుట్టుదారి నొకదానిని కల్పించుకొనవలసి వచ్చెను. అది తెలివైన పనియే. కాని అక్కఱలేని పని. పికార్డు గడువు 1794లో తీరెను. అంతవఱకు ఇంగ్లండులోని గొప్ప యంత్రకారుడు అందఱికి తెలిసిన వంకరకడ్డీని వాడలేక దానిని తప్పించుకొనుటకు బుద్ధిని వెచ్చింపవలసి వచ్చెను.

తాను నొచ్చిన చోటు వాట్‌నకు తెలిసినను, పరులను నొప్పింపకుండుట నేర్పలేదు. జోనథన్ హార్న్‌బ్లోయర్ అను కార్న్‌వాల్ యంత్రకారుడు 1781లో రెండు సిలిండరుల యంత్రమునకు పేటెంటు పొందెను. ఒక దానిలో పనిచేసిన ఆవిరిని పాఱవేయక రెండవ దానిలో మరల పనిచేయించుట ఆతని యుపాయము. లోకము తరువాత దానిని స్వీకరించినది. కాని ఆవిరిని చల్లార్చుటకు వేఱు పాత్ర కావలెను. ఆ పాత్ర వాట్ కంచెలోపల నున్నది. హార్న్‌బ్లోయర్ 1792లో తన గడువును పొడిగింపుమని పార్లమెంటును వేడెను. వాట్, బౌల్టన్‌లు ఎదిరించిరి. పార్లమెంటు నిరాకరించెను. 1775లో ఒకనికి దొరకిన వరము 1792లో మఱొకనికి దొరకలేదు.

పిమ్మట వ్యాజ్యములు. ఎడ్వర్డ్ బుల్ అను నతడు వాట్ యంత్రములను కూర్చు పనిలో నుండి, తరువాత స్వంతముగా యంత్రములు కట్ట నారంభించెను. ఆతనిపై 1793లో దావా పడెను. హార్న్‌బ్లోయర్ అన్నయగు జేబెజ్‌పై మఱొక దావా పడెను. వాట్ తన పత్రములో యంత్రపు పటము నియ్యక, సూత్రములను మాత్రమే వ్రాసియుండెను. అది చెల్లునా చెల్లదా యని న్యాయమూర్తులే భిన్నాభిప్రాయము లైరి. కడకు 1799లో తీర్పు వాట్ పక్షమున వచ్చెను. చెల్లింపక నిలిపియుంచిన గనులవారు పాతబాకీ లిచ్చుకొనవలసి వచ్చెను. హక్కు గడువు తీరుటకు అప్పటికి మిగిలినది ఒక్క సంవత్సరము.

ఈ వ్యాజ్యములకు ముందే వాట్ కొలువులోని విలియమ్ మర్డాక్, 1784 ప్రాంతమున కార్న్‌వాల్‌లో ఆవిరితో తనంత తాను నడచు చిన్నబండి నమూనాను చేసెను. యజమానులు ఆతని నుత్సాహపఱుపలేదు. తీవ్రమైన ఒత్తిడిగల ఆవిరి అపాయకరమని వాట్ దృఢవిశ్వాసము. అది వట్టి మాత్సర్యము కాదు. 1803లో గ్రీనిచ్‌లో అట్టి బాయిలరు ప్రేలి కొందఱు మరణించిరి. అయినను ఆ దారిని నడచి చూచుట ఇతరుల కప్పగింపలేదు.

1800వ సంవత్సరమున కంచె తొలగెను. బుల్‌తో కలిసి పనిచేసిన రిచర్డ్ ట్రెవిథిక్ అను కార్న్‌వాల్ యువకుడు తీవ్రపు ఒత్తిడి యావిరితో చిన్నవియు, బలమైనవియు నగు యంత్రములను కట్టెను. 1801లో ఆతని బండి కాంబర్న్ ఊరిబాటపై నడచెను. 1804వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన వేల్సులోని పెనిడారెన్‌లో ఆతని యంత్రము పట్టాలపై పది టన్నుల యినుమును, డెబ్బదిమంది మనుష్యులను లాగుచు తొమ్మిది మైళ్లకు పైగా నడచెను. మన యూళ్ల ప్రక్కగా తరువాత నడచిన రైళ్ల కన్నింటికి తాత యదియే.

గనులయొద్ద జరిగినది ఇంకను వింత. వాట్ మనుష్యులు వెడలిపోగా మొదటి పదేండ్లు యంత్రములను చక్కగా చూచువారు లేక పని క్షీణించెను. దీనిని దాచనక్కఱలేదు. 1811లో జోయెల్ లీన్ అను గనిపెద్ద ఒక నెలపత్రికను ప్రారంభించెను. ఏ గనిలో ఏ యంత్రము, ఎవ్వరు కట్టినది, ఒక బుషెల్ బొగ్గుతో ఎన్ని పౌనుల నీటిని అడుగెత్తునకు లేపినది అని నెలనెల అందఱికి తెలియునట్లు దానిలో అచ్చువేయుచుండెను. రహస్యము లేదు. పోటీ మాత్రమున్నది. ఒకడు చేసిన బాగు మఱుసటి నెలకే నలుగురకు తెలియును. 1812లో ట్రెవిథిక్ వీల్ ప్రాస్పర్ గనియొద్ద క్రొత్తరీతి యంత్రమును నిలిపి, దానికి పేటెంటు కోరలేదు. ఆర్థర్ వూల్ఫ్ తన పేటెంటు యంత్రమును తెచ్చినను, గనులవారు ఎక్కువగా ట్రెవిథిక్ రీతినే అవలంబించిరి. 1811లో యంత్రముల సగటు పని 2 కోట్ల పౌనులకు లోపు. 1828 నాటికి వీల్ టోవన్ గనియొద్ద శామ్యూల్ గ్రోస్ నిలిపిన యంత్రము 8 కోట్ల పౌనులు దాటెను. పదునేడేండ్లలో నాలుగింతలు! ఒక్కనిచేత గాక, ఒకరి పనిని మఱొకరు చూచి దిద్దుకొనుటచేత ఇది సాధ్యమైనది.

ఈ కథను విని కొందఱు పండితులు, ‘వాట్ హక్కు ఆవిరియంత్రమును ఒక తరము వెనుకకు నెట్టినది’ అందురు. మఱికొందఱు, ‘వాట్ హక్కు చల్లార్చు పాత్రపై మాత్రమే గదా, తీవ్రపు ఒత్తిడి యంత్రమునకు ఆ పాత్ర అక్కఱయే లేదు. ఆలస్యమునకు అసలు కారణము గట్టి బాయిలరులు కట్టు నేర్పు అప్పటికి లేకుండుటయే’ అందురు. రెండవ మాటలోను బలము కలదు. నా మట్టుకు, రెండు పక్షములవారును ఒక పాఠము నొప్పుకొనక తప్పదని తోచుచున్నది. బౌల్టన్ ధనము పెట్టుటకు హక్కు కావలసి వచ్చెను. ఆ హక్కు అంత వెడల్పు, అంత దీర్ఘము కానక్కఱలేదు. చల్లార్చు పాత్రను వాడుకొని దానిపై మఱొక మెట్టు కట్టదలచిన హార్న్‌బ్లోయర్‌నకు, న్యాయమైన సుంకము పుచ్చుకొని త్రోవ యిచ్చినచో వాట్ నష్టపడెడివాడు కాడు; దేశము లాభపడెడిది.

అట్లని కంచెయే వలదనువారికి ట్రెవిథిక్ కడపటి దినములను చెప్పవలసియున్నది. వాట్ 1819లో ధనవంతుడై, గౌరవముతో కన్ను మూసెను. ట్రెవిథిక్ 1828లో తన సేవలకు ప్రతిఫలము నిమ్మని పార్లమెంటును వేడెను, లభింపలేదు. 1833లో డార్ట్‌ఫర్డ్‌లో పేదవాడై మరణించెను. కర్మాగారములో తోడి పనివారు చందాలు వేసికొని ఆతని అంత్యక్రియలు జరిపిరి. ఆతని సమాధిపై గుఱుతుఱాయియైనను లేకపోయెను. ఆతడు కనిపెట్టిన విద్యతో లోకము కోట్లు గడించెను. ఇట్టివానిని మఱచు సమాజమున రేపటి ట్రెవిథిక్ తన మూలికను ఎవ్వరికిని చెప్పడు.

పెద్దలారా! ఇదంతయు మనకేల యని మీరడుగవచ్చును. ఈ చట్టము మన దేశమునకును 1856వ సంవత్సరమునందే వచ్చినది. అప్పుడు మొదట హక్కు కోరిన దేమనగా, కలకత్తాలోని డి పెన్నింగ్ అను ఇంజనీరు కల్పించిన పంకాలాగు యంత్రము! 1911లో మఱొక చట్టము వచ్చెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మట రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదికలో, హక్కులు పొందినవారిలో పెక్కుమంది విదేశీయులే యనియు, ఆ వస్తువులను వారిక్కడ తయారుచేయుట లేదనియు చూపెను. అనగా కంచె మన పొలములో. పంట పరుల గాదెలో. దానిపై 1970లో చట్టము మాఱినది. 1972లో అమలులోనికి వచ్చినది. అన్నపానాదులకు, మందులకు వస్తువుమీద హక్కు లేదు; చేయు విధానముమీద మాత్రమే హక్కు. అదియు ఏడేండ్లకు మించదు.

ఫలితము మన తెలుగునాటనే కానవచ్చినది. ఒక మందును చేయుటకు పరుడొక దారిని పట్టినచో, మన రసాయనశాస్త్రజ్ఞులు వేఱొక దారిని వెదకిరి. హైదరాబాదులో ప్రభుత్వపు ఔషధ కర్మాగారము పెక్కుమందికి పాఠశాల యయ్యెను. అందు పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో తన పేర సంస్థను స్థాపించెను. ఆయనవలెనే పలువురు బయలుదేఱిరి. మందుల ధరలు దిగెను. కాని కార్న్‌వాల్ కథలోవలె ఇచ్చటను రెండవ ప్రక్క కలదు. పరులు కనిపెట్టిన మందును చౌకగా చేయుట చక్కగా నేర్చితిమి. లోక మెఱుగని మందును మనమే కనిపెట్టుటలో అంత ముందుకు పోలేదు.

1995లో ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒడంబడిక ననుసరించి, 2005 మొదలు మందులకు మరల వస్తువుమీదనే ఇరువది సంవత్సరముల హక్కు వచ్చినది. కాని మనవారు చట్టములో ఒక దొడ్డిత్రోవను గాక, ఒక సింహద్వారమునే ఉంచిరి. హక్కుదారుడు వస్తువును ప్రజలకు అందుబాటులో నుంచకున్నచో, ప్రభుత్వము మఱొకనికి అనుమతి యియ్యవచ్చును. అది 2012వ సంవత్సరము మార్చి 9వ తేదీన జరిగినది. కాలేయమునకు, మూత్రపిండమునకు వచ్చు ముదిరిన కాన్సరునకు బేయర్ సంస్థవారి మందొకటి కలదు. నెలకు సరిపడు 120 మాత్రల వెల అప్పుడు సుమారు 2,80,000 రూపాయలు. అవసరమైన రోగులలో నూటికి సుమారు ఇద్దఱికే అది అందుచుండెను. హైదరాబాదులోని నాట్కో సంస్థవారికి దానిని 8,880 రూపాయలకు మించకుండ అమ్ముటకు అనుమతి దొరకినది. అయినను కనిపెట్టినవారిని వట్టిచేతులతో పంపలేదు. అమ్మకములో నూటికి ఆఱు పాళ్లు, మఱుసటి సంవత్సరమునుండి ఏడు పాళ్లు, వారికి చెల్లింపవలెనని నిర్ణయించిరి. వాట్‌నకును హార్న్‌బ్లోయర్‌నకును నడుమ ఎవ్వరును చేయని తీర్పు ఇది. సుంకమిచ్చి బాట వదలుట.

పికార్డు వంకరకడ్డీ కథకును మన దేశమున జోడు కలదు. 1995లో అమెరికాలో, గాయములు మానుటకు పసుపు వాడుటపై హక్కు నొకదానిని ఇచ్చిరి. మన యిండ్లలో ముత్తవ్వలకు తెలిసిన సంగతియే యది! మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలివారు పాతగ్రంథముల సాక్ష్యములు చూపగా 1997లో దానిని కొట్టివేసిరి. వ్రాసియున్నందుననే సాక్ష్యము దొరకినది. వ్రాయని విద్యకు సాక్ష్య మెవ్వరు?

మన 1970 చట్టములో మఱొక మంచి నియమము గలదు. హక్కు నడుచుచున్నను, ఆ వస్తువును ప్రయోగమునకు, పరిశోధనకు, విద్యార్థులకు నేర్పుటకు వాడుకొనవచ్చును. అనగా చేను పంట వానిదే. చేనిగట్టున నడచి చూచి నేర్చుకొను హక్కు అందఱిది. విత్తనముల విషయమునను 2001లో చట్టము చేసిరి. రైతు తన పంటలోనుండి విత్తనము దాచుకొనవచ్చును, మరల చల్లుకొనవచ్చును, ఇరుగుపొరుగులకు ఇచ్చిపుచ్చుకొనవచ్చును, అమ్మనువచ్చును. పరుల వ్యాపారపు ముద్ర వేసి మాత్రము అమ్మరాదు. రైతు తానుగా పెంపొందించిన వంగడమును తన పేర నమోదు చేయించుకొననువచ్చును.

కావున మీ కొక విన్నపము. మీ యూర ఒక రైతు కఱవునకు తట్టుకొను గింజను ఎన్నుకొని పెంచియుండవచ్చును. ఒక వడ్రంగి నాగలికి మంచి మార్పు చేసియుండవచ్చును. ఒక వృద్ధుడు మూలిక నెఱిగియుండవచ్చును. వారిచేత ఆ సంగతిని వ్రాయించుడు. తేదీ వేయించుడు. వారి పేరు నిలుచునట్లును, వారికి నాలుగు రూకలు దొరకునట్లును చూడుడు. అట్లు చేసిననాడు ‘ఆ మందు ఆయనతోనే పోయినది’ అను మాట మన పల్లెలలో వినబడదు. కాని ఆ హక్కు పేరుతో ఎవ్వరైనను ఊరిబాటకు కంచె వేయవచ్చినచో, కంచెయే చేను మేయవచ్చినట్లు తెలిసికొని, ఎంతవఱకు, ఎంతకాలము అని నిలదీసి యడుగుడు. 1601లో ఇంగ్లండు ప్రజలడిగిన ప్రశ్నయే అది. నేటికిని దాని విలువ తఱుగలేదు.